వీఎఫ్‌ఓ జారిపోతోందా? కాయిల్ విప్పే ముందు కెపాసిటర్‌ను వేడి చేసి చూడండి

హామ్ రేడియోలో నాబ్ తిప్పి ఫ్రీక్వెన్సీ మార్చుకునే ఆసిలేటర్‌నే వీఎఫ్‌ఓ అంటాం. అది జారితే సమస్య ఇలా ఉంటుంది. పొద్దున ఆరింటికి 40 మీటర్ల బ్యాండ్‌లో కూర్చుంటే రిగ్ (రేడియో సెట్) బాగానే పలుకుతుంది. పదింటికల్లా అవతలివాళ్లు "ఓఎం (మిత్రమా), మీ ఫ్రీక్వెన్సీ కదులుతోంది" అంటారు. మధ్యాహ్నం రేకుల గది కాగిందంటే ఇక ఐదు నిమిషాలకోసారి నాబ్ తిప్పాల్సిందే. నల్లగొండ, మిర్యాలగూడ ఎండల్లో సొంతంగా రిగ్ కట్టుకున్న వాళ్లలో ఈ బాధ పడనివాళ్లు తక్కువ.

ఆన్ చేశాక తొలి పదిహేను నిమిషాలు కొంచెం జరిగి ఆగిపోతే అది రోగం కాదు. ఆగకుండా ఒకే వైపు పోతుంటేనే వెతకాలి. ముందుగా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే స్విచ్) నొక్కి పట్టుకుని ఆసిలేటర్‌కు అందే వోల్టేజీని మల్టీమీటర్‌తో చూడండి. నొక్కినప్పుడు, వదిలినప్పుడు రీడింగ్ మారుతుంటే ముందు రెగ్యులేటర్ సంగతి చూడాలి. కూలర్ గాలి నేరుగా బోర్డు మీద పడుతుంటే డబ్బాకు మూత పెట్టండి. ఫైనల్ ట్రాన్సిస్టర్ (యాంటెనాకు పవర్ ఇచ్చేది) హీట్ సింక్ వీఎఫ్‌ఓ పక్కనే ఉంటే దూరం జరపండి. రెండు నిమిషాల పని ఇది. ఇది వదిలేసి చాలామంది నేరుగా కాయిల్ విప్పి మళ్లీ చుట్టడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి.

ఇవన్నీ బాగున్నా జారుతోందంటే, నా అనుభవంలో పదికి ఎనిమిదిసార్లు దోషం కెపాసిటర్‌దే. అది దొరక్కుండా దాక్కునే తీరు చెప్పాలి.

నా మొదటి వీఎఫ్‌ఓలో ఫీడ్‌బ్యాక్ కోసం వేసిన రెండు కెపాసిటర్ల మీద 471జే అని ఉంది. జే ఉంది కాబట్టి మంచి రకం అనుకున్నాను. కోఠీలో కొన్నప్పుడు ఒక షాపులో కూడా "స్టేబుల్ సార్" అనే ఇచ్చారు. మీటర్ సరిగ్గా 470 పీకోఫారాడ్ చూపింది. ఆ తర్వాత రెగ్యులేటర్ మార్చాను, కాయిల్ రెండుసార్లు చుట్టాను, అల్యూమినియం డబ్బా చేయించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు నెల రోజులు తిరిగాను.

జే అంటే గది వేడిలో కొలిచిన విలువ 5 శాతం లోపు తేడాతో ఉంటుందని మాత్రమే. కే అయితే 10 శాతం. వేడెక్కితే ఏమవుతుందో ఆ అక్షరం చెప్పదు. అది చెప్పేది లోపలి సిరామిక్ రకం. ఎన్‌పీ జీరో, అంటే సీ జీరో జీ రకం, డిగ్రీకి 30 పీపీఎం (పది లక్షల్లో 30 వంతులు) మించి మారదు. ఎక్స్‌7ఆర్ తన పూర్తి ఉష్ణోగ్రత పరిధిలో 15 శాతం దాకా అటూ ఇటూ పోవచ్చు. వై5వీ అయితే 82 శాతం దాకా పడిపోవచ్చు.

కెపాసిటెన్స్ ఒక శాతం మారితే ఫ్రీక్వెన్సీ అర శాతం మారుతుంది. 5 మెగాహెర్ట్జ్ వీఎఫ్‌ఓలో అర శాతం అంటే 25 కిలోహెర్ట్జ్. మన 40 మీటర్ల బ్యాండ్ మొత్తం 200 కిలోహెర్ట్జే. అదే ఎన్‌పీ జీరో పది డిగ్రీలు వేడెక్కినా, దాని వల్ల వచ్చే జరుగుడు 750 హెర్ట్జ్ దాటదు. మామూలుగా అంతకంటే చాలా తక్కువే ఉంటుంది.

ఎక్స్‌7ఆర్ ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. సోల్డరింగ్ వేడి తగిలితే దాని విలువ పెరిగి, తర్వాత రోజుల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తుంది. తగ్గే వేగం రోజురోజుకూ నెమ్మదిస్తుంది కాబట్టి "సెట్ అవుతోంది" అనుకుని వదిలేస్తాం. ఎండ ముదరగానే మళ్లీ మొదటికొస్తుంది.

మిర్యాలగూడ తమ్ముడొకడు "అన్నా, మీటర్‌లో కరెక్టుగానే ఉంది కదా, ఇంకేం తప్పు?" అన్నాడు. నిజమే, చల్లగా ఉన్నప్పుడు అన్నీ కరెక్టే. అందుకే బోర్డు మీద పెట్టకముందే ఈ పరీక్ష చేయాలి. ఎల్‌సీ మీటర్‌ను (కాయిల్, కెపాసిటర్ విలువలు కొలిచేది) జీరో చేసి కెపాసిటర్ పెట్టండి. వేడి సోల్డరింగ్ ఐరన్ మొనను తాకించకుండా ఒక సెంటీమీటరు దూరంలో పది సెకన్లు ఉంచండి. ఎన్‌పీ జీరో అయితే 470 అంకె దాదాపు కదలదు. ఎక్స్‌7ఆర్ స్పష్టంగా కదులుతుంది. వై5వీ అయితే కళ్ల ముందే కూలిపోతుంది. నేనిప్పుడు కొన్న ప్రతి ప్యాకెట్ నుంచి రెండు మూడు తీసి ఇలా చూడకుండా డబ్బాలో వేయను.

మార్చేటప్పుడు కాయిల్‌తో సమాంతరంగా ఉన్నది ఒక్కటే మార్చి ఆగకండి. రెండు ఫీడ్‌బ్యాక్ కెపాసిటర్లు, ట్యాంక్ (కాయిల్, కెపాసిటర్ల జంట) నుంచి ట్రాన్సిస్టర్‌కు వెళ్లే చిన్న కప్లింగ్ కెపాసిటర్, అన్నీ ఎన్‌పీ జీరోలే కావాలి. 470 పీకోఫారాడ్‌ది ఒక్కటి బదులు 120 పీకోఫారాడ్‌వి నాలుగు సమాంతరంగా వేస్తే ఆర్‌ఎఫ్ కరెంటు పంచుకుని తక్కువ వేడెక్కుతాయి. పాలీస్టైరీన్ దొరికితే ఇంకా మేలు. వేడికి దాని విలువ కొంచెం తగ్గుతుంది, పసుపు టోరాయిడ్ (గుండ్రటి రింగు కోర్) మీద చుట్టిన కాయిల్ విలువ కొంచెం పెరుగుతుంది, ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. కానీ పాలీస్టైరీన్ ఐరన్ వేడికి కరుగుతుంది, సోల్డర్ చేసేటప్పుడు కెపాసిటర్ కాలును (తీగను) ప్లయర్‌తో పట్టుకోండి. సప్లై లైన్ బైపాస్‌లో ఉన్న 104 (0.1 మైక్రోఫారాడ్) కెపాసిటర్లను మాత్రం కదిలించొద్దు, అక్కడ ఎక్స్‌7ఆర్ సరిగ్గా సరిపోతుంది.

మిగతా కారణాలు అరుదు. పుల్లతో తడితే స్వరం ఊగితే సోల్డర్ జాయింట్లు, ట్రిమ్మర్ (స్క్రూతో సర్దే చిన్న కెపాసిటర్) చూడండి. ఎర్ర టోరాయిడ్ వాడితే పసుపుది వేయండి. ఫెర్రైట్ మీద చుట్టారా? అది వీఎఫ్‌ఓకు పనికిరాదు, తీసేయండి.