పాత పారామోటార్ ఇంజిన్ ముట్టుకునే ముందు

పారామోటార్ అంటే వీపుకు తగిలించుకుని, పారాచూట్ లాంటి రెక్కతో ఎగిరే ఇంజిన్. స్పానర్ పట్టుకునే ముందే స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకేసి, ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టండి.

ట్యాంకులో పాత పెట్రోల్ ఉంటే పారబోయాల్సిందే, ఇథనాల్ కలిసింది తేమ పీలుస్తుంది, పైగా మనది వైజాగ్ ఉప్పుగాలి. భీమిలిలో మేడ మీద రెండేళ్లు పడి ఉన్నదాన్ని విప్పితే, లోపల కార్బ్యురేటర్ డయాఫ్రం (మెత్తగా కదలాల్సిన పల్చటి పొర) అప్పడంలా బిగుసుకుపోయి ఉంది, ఇక స్టార్ట్ ఎలా అవుతుంది!

పెట్రోల్ పైపులు వంచి చూడండి. పగుళ్లుంటే మార్చేయండి, అక్కడ గాలి లాగితే పెట్రోల్-గాలి మిక్స్చర్‌లో పెట్రోల్ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది.

టూస్ట్రోక్ కదా, ఆయిల్ కలపాలి: మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు.

ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ పనిచేస్తోందా?

స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం ప్రొపెల్లర్ మళ్లీ బిగించాలి, లోడ్ లేకపోతే ఇంజిన్ విపరీతంగా తిరుగుతుంది. ఫ్రేమ్‌ను గట్టిగా కట్టి, పిల్లల్ని దూరంగా పంపేయండి.

ఇంజిన్ పలికింది కదా అని రుషికొండ బీచ్‌కి పరిగెత్తకండి, ఇది నేవీ విమానాలు తిరిగే ఊరు, ముందు అనుమతులు.