న్యూయార్క్ కంప్ట్రోలర్ ఎన్నిక: ఓటుకూ చందాకూ ముందు మనవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

న్యూయార్క్ నగరంలో నాలుగేళ్ళకోసారి మేయర్ ఎన్నిక వచ్చినప్పుడు అదే బ్యాలెట్ మీద ఇంకో పెద్ద పదవి కూడా ఉంటుంది. అదే కంప్ట్రోలర్. నగరం డబ్బు లెక్కలన్నీ చూసేది ఆ ఆఫీసే. మన దేశంలో కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఇక్కడ నగరం లెక్కలు తనిఖీ చేసే మనిషిని జనమే ఎన్నుకుంటారు. 2025 నవంబర్ 4న జరిగిన ఎన్నికలో మార్క్ లెవిన్ గెలిచారు. మళ్ళీ ఎన్నిక 2029లో.

అంత దూరం ఉండగా ఇప్పుడే జాగ్రత్తలెందుకు అంటారేమో. ఇందులో కొన్ని ఎన్నికకు వారం ముందు చూసుకుంటే సరిపోయేవి కావు. పౌరసత్వం, పార్టీ నమోదు, చందాలు, ఈ మూడింట్లో తప్పు జరిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అవుతుంది. చందాలు అడగడమైతే ఎన్నికకు రెండు మూడేళ్ళ ముందే మొదలవుతుంది.

పౌరసత్వం లేకపోతే ఓటు జోలికి వెళ్ళొద్దు

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. హెచ్-1బి, ఎఫ్-1, హెచ్-4 వీసాల మీద ఉన్నవాళ్ళకు ఓటు లేదు. గ్రీన్ కార్డు ఉన్నా లేదు. ఈ విషయంలో మనవాళ్ళలో ఇప్పటికీ గందరగోళం ఉంది, దానికి కారణమూ ఉంది. 2021 డిసెంబర్‌లో సిటీ కౌన్సిల్ గ్రీన్ కార్డు, వర్క్ పర్మిట్ ఉన్నవాళ్ళకు నగర ఎన్నికల్లో ఓటు ఇస్తూ చట్టం చేసింది. ఆ వార్త అప్పట్లో అన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. ఆ చట్టాన్ని కోర్టులు కొట్టేశాయి. 2025 మార్చిలో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం కూడా చెల్లదని తేల్చేసింది. ఈ రెండో వార్త మాత్రం అంతగా తిరగలేదు. పాత మెసేజ్ ఎవరైనా మళ్ళీ పంపితే నమ్మకండి.

అసలు ప్రమాదం పోలింగ్ కేంద్రంలో కంటే ముందే ఉంది. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులోనే ఓటరు నమోదు భాగం ఒకటి ఉంటుంది. సబ్‌వే స్టేషన్ల బయట, వీధి పండగల్లో వాలంటీర్లు క్లిప్‌బోర్డు పట్టుకుని నమోదు చేయిస్తుంటారు. వాళ్ళు మంచివాళ్ళే, కానీ మీ వీసా సంగతి వాళ్ళకు తెలియదు. న్యూయార్క్ నమోదు ఫారంలో మొట్టమొదటి ప్రశ్నే మీరు అమెరికా పౌరులా అని. కింద సంతకం దగ్గర, ఇది అబద్ధమైతే 5,000 డాలర్ల దాకా జరిమానా, నాలుగేళ్ళ దాకా జైలు అని రాసి ఉంటుంది. హడావుడిలో టిక్కు పెట్టి సంతకం చేస్తే, పౌరులమని అబద్ధం చెప్పినట్టు ఇమిగ్రేషన్ చట్టం కింద లెక్క పడొచ్చు. తర్వాత పౌరసత్వం కోసం ఎన్-400 నింపేటప్పుడు, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా, ఓటు వేశారా అని సూటిగా అడుగుతారు. ఓటు వేసి ఉంటే దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు.

పొరపాటున ఇప్పటికే నమోదై ఉంటే ఓటు మాత్రం వేయకండి. పేరు తీయించుకోవడానికి మీకు మీరే ఉత్తరాలు రాసేయకుండా, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. ఆ ఫీజు దగ్గర వెనకాడొద్దు.

చందా అడిగితే

కంప్ట్రోలర్ అభ్యర్థులకు చిన్న చందా కూడా ఎంతో విలువైనది. నగరంలో నివసించేవాళ్ళు ఇచ్చే చందాలో మొదటి 250 డాలర్ల దాకా ప్రతి డాలరుకూ నగరం తన నిధి నుంచి 8 డాలర్లు కలుపుతుంది. దీన్నే మ్యాచింగ్ అంటారు. అంటే మీ 250 వాళ్ళకు 2,250 అవుతుంది. అందుకే గుడిలో, కల్చరల్ ప్రోగ్రాంలో, బర్త్‌డే పార్టీలో కూడా ఎవరో ఒకరు పక్కకు పిలిచి అడుగుతారు.

చందా ఇవ్వడానికి పౌరులై ఉండనక్కర్లేదు, గ్రీన్ కార్డు చాలు. హెచ్-1బి, ఎఫ్-1 వాళ్ళు మాత్రం ఇవ్వకూడదు. అది ఫెడరల్ చట్టం, నగర ఎన్నికలకూ వర్తిస్తుంది. "నీ పేరు మీద ఇవ్వు, నేను తర్వాత జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపిస్తాను" అన్నది ఎవరైనా సరే, ఎంత దగ్గరి బంధువైనా సరే, కుదరదని చెప్పండి. ఒకరి డబ్బు ఇంకొకరి పేరు మీద ఇవ్వడం నేరం. 2010 నుంచి 2013 దాకా కంప్ట్రోలర్‌గా ఉన్న జాన్ లియూ మేయర్ పదవికి పోటీ చేసినప్పుడు, ఇలాంటి బినామీ చందాల కేసులో ఆయన ప్రచార కోశాధికారికీ, నిధులు సేకరించిన ఇంకో వ్యక్తికీ 2013లో శిక్ష పడింది. లియూ మీద కేసు పెట్టలేదు. కానీ ఆయనకు రావాల్సిన మ్యాచింగ్ నిధులను నగరం నిరాకరించింది.

షాపు, రెస్టారెంటు, కన్సల్టెన్సీ నడిపే మనవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. నగర అభ్యర్థులకు కంపెనీ చెక్కు చెల్లదు, ఎల్‌ఎల్‌సీ చెక్కూ చెల్లదు. సొంత ఖాతా నుంచే ఇవ్వాలి. నగరంతో కాంట్రాక్టులున్న సంస్థ యజమానులు, పెద్ద మేనేజర్లు 'డూయింగ్ బిజినెస్' జాబితాలో ఉంటారు. అలాంటివాళ్ళు కంప్ట్రోలర్ అభ్యర్థికి 400 డాలర్లకు మించి ఇవ్వకూడదు, దానికి మ్యాచింగ్ కూడా రాదు. గుడి, 501(సి)(3) అనే పన్ను మినహాయింపు హోదా ఉన్న తెలుగు సంఘం ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. స్టేజీ మీద శాలువా కప్పి "మన ఓట్లన్నీ వీరికే" అని మైకులో చెబితే సంఘం పన్ను మినహాయింపుకే ఎసరు వస్తుంది. ఉగాది వేడుకకు పిలిస్తే పోటీలో ఉన్నవాళ్ళందరినీ పిలవండి.

మాన్‌హాటన్‌లో పెట్టుబడి సంస్థల్లో పనిచేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఈ పదవి విషయంలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. కంప్ట్రోలర్ చేతిలో పెన్షన్ ఫండ్లుంటాయి కాబట్టి, ఆ ఫండ్ల డబ్బు నిర్వహించే సంస్థల వాళ్ళు ఆయనకు చందా ఇస్తే అది లంచంలా మారకుండా 2010లో ఎస్‌ఈసీ (పెట్టుబడి మార్కెట్లను నియంత్రించే ఫెడరల్ సంస్థ) ఒక నిబంధన తెచ్చింది. సంస్థలో పై స్థాయి వాళ్ళుగానీ, ప్రభుత్వ ఖాతాదారులను తెచ్చేవాళ్ళుగానీ పరిమితికి మించి చందా ఇస్తే ఆ ఫండ్ల నుంచి రెండేళ్ళపాటు సంస్థకు ఫీజు రాదు. ఆ పరిమితి ఒక్కో ఎన్నికకు, మీకు ఓటున్న అభ్యర్థికైతే 350 డాలర్లు, లేకపోతే 150. ఒక ఉద్యోగి ఇచ్చిన చిన్న చెక్కు వల్ల సంస్థ లక్షల డాలర్లు పోగొట్టుకోవచ్చు. అందుకే చాలా కంపెనీలు ఉద్యోగులందరినీ ముందుగా అనుమతి తీసుకోమంటాయి. మీరు ఐటీలో ఉన్నా సరే, కంపెనీలో నిబంధనల సంగతి చూసే కంప్లయన్స్ వాళ్ళకు ఒక ఈమెయిల్ పెట్టి జవాబు వచ్చాకే కార్డు తీయండి.

ఫిబ్రవరి 14

దశాబ్దాలుగా కంప్ట్రోలర్లందరూ డెమోక్రాట్లే. కాబట్టి నిజమైన పోటీ నవంబర్‌లో కంటే జూన్‌లో జరిగే డెమోక్రటిక్ ప్రైమరీలోనే (పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే) ఎక్కువ. ఆ ప్రైమరీలో ఆ పార్టీ కింద నమోదైనవాళ్ళకే ఓటుంటుంది. పౌరసత్వం వచ్చిన రోజున ఫారం నింపుతూ, రాజకీయాలు మనకెందుకులే అని 'ఏ పార్టీ లేదు' అని టిక్కు పెట్టినవాళ్ళు మనలో ఎంతోమంది. వాళ్ళు జూన్‌లో వెళ్తే బ్యాలెట్ ఇవ్వరు. పార్టీ మార్చుకోవాలన్నా, కొత్తగా చేరాలన్నా ఆ ఏడాది ఫిబ్రవరి 14 లోపు చేయాలి. మొదటిసారి ఓటరుగా నమోదయ్యేవాళ్ళకు మాత్రం ఎన్నికకు పది రోజుల ముందు దాకా గడువుంది. ఏ పార్టీలో చేరాలన్నది మీ ఇష్టం. కానీ ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఏం పోగొట్టుకుంటారో తెలిసి వదిలేయండి.

అడ్రసు కూడా ఒకసారి చూసుకోండి. ఫ్లోరల్ పార్క్, బెల్‌రోజ్ పేర్లతో నగరంలో భాగమైన క్వీన్స్‌లోనూ ఊళ్ళున్నాయి, సరిహద్దు అవతల నసావ్ కౌంటీలోనూ ఉన్నాయి. క్వీన్స్ వైపు ఇల్లుంటేనే నగర కంప్ట్రోలర్‌కు ఓటు. నసావ్ వాళ్ళకు వేరే కంప్ట్రోలర్ ఉన్నారు. వీళ్ళు కాక రాష్ట్ర కంప్ట్రోలర్ ఇంకొకరు, ఆ ఎన్నిక గవర్నర్ ఎన్నికతోపాటు జరుగుతుంది. పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీ నుంచి రోజూ మాన్‌హాటన్ వచ్చి పనిచేసేవాళ్ళకు ఇందులో ఓటు లేదు.

హామీలు వినేటప్పుడు

ఈ పదవికి పోటీ చేసేవాళ్ళు అద్దెలు తగ్గిస్తాం, పన్నులు తగ్గిస్తాం అంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఆ రెండూ కంప్ట్రోలర్ చేతిలో లేవు. బడ్జెట్ మేయర్, సిటీ కౌన్సిల్ కలిసి చేస్తారు. కంప్ట్రోలర్ పనులు వేరు. ప్రతి నగర శాఖనూ కనీసం నాలుగేళ్ళకోసారి ఆడిట్ చేయాలి. శాఖలు పంపిన కాంట్రాక్టును 30 రోజుల్లోగా రిజిస్టర్ చేయాలి, అవినీతి ఉందనిపిస్తే అభ్యంతరం చెప్పాలి. నగరం మీద వచ్చే నష్టపరిహారం దావాలు తేల్చాలి. బాండ్లు అమ్మే పనిలోనూ ఆయన భాగం ఉంటుంది. ఉపాధ్యాయులు, పోలీసులు, ఫైర్ సిబ్బంది, ఇతర ఉద్యోగుల ఐదు పెన్షన్ ఫండ్లకు పెట్టుబడి సలహాదారు ఆయనే. ఆ ఫండ్ల మొత్తం 300 బిలియన్ డాలర్లకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. అయినా ఒక్కడే సంతకం చేసి డబ్బు ఇటు నుంచి అటు మార్చలేడు. ప్రతి ఫండుకూ ట్రస్టీల బోర్డుంది. ఫలానా కంపెనీ నుంచి మొదటి రోజే డబ్బు వెనక్కి తీసేస్తాను అన్న అభ్యర్థిని, బోర్డును ఎలా ఒప్పిస్తారని అడగండి.

నా దృష్టిలో అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. మేయర్ మీ పార్టీవాడే అయినప్పుడు, ఆయన లెక్కల్లో తేడా కనిపిస్తే బయటపెడతారా? 1975లో ఈ నగరం దివాలా అంచుకు వెళ్ళింది. రోజువారీ ఖర్చులకు కూడా స్వల్పకాలిక అప్పులు చేస్తూ, రాని ఆదాయాన్ని వస్తుందని రాసుకుంటూ ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చారు. అప్పటి మేయర్ ఏబ్రహం బీమ్, అంతకుముందు అదే నగరానికి కంప్ట్రోలర్. చివరికి ఉద్యోగుల పెన్షన్ డబ్బుతో బాండ్లు కొని గట్టెక్కాల్సి వచ్చింది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. సబ్‌వే టికెట్ 35 సెంట్ల నుంచి 50 అయింది. అప్పటిదాకా ఫీజు లేని సిటీ యూనివర్సిటీలో 1976 నుంచి ఫీజు మొదలైంది. లెక్కలు చూడాల్సినవాళ్ళు మొహమాటపడితే ఆ భారం చివరికి మామూలు కుటుంబం మీదే పడుతుంది. అందుకే మేయర్ ఓటు వేసి, కంప్ట్రోలర్ వరస ఖాళీగా వదిలేసి వచ్చేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

బ్యాలెట్ చేతికొచ్చాక

ప్రైమరీలో ర్యాంకులిచ్చే పద్ధతి ఉంటుంది. పేర్లు ఎడమవైపు కిందికి ఉంటాయి, కుడివైపు 1 నుంచి 5 దాకా నిలువు వరసల్లో చిన్న గుండ్రాలుంటాయి. మీకు బాగా నచ్చినవాళ్ళకు 1, తర్వాతివాళ్ళకు 2, అలా ఐదుగురి దాకా ఇవ్వచ్చు. ఒక్కరికే ఐదు ర్యాంకులూ ఇచ్చినా అది ఒక్క ఓటే, ఏమీ లాభం లేదు. ఒకే నిలువు వరసలో రెండు గుండ్రాలు నింపితే మాత్రం ఆ ర్యాంకూ, దాని తర్వాతివీ లెక్కలోకి రావు. బ్యాలెట్‌ను స్కాన్ చేసే మిషన్ హెచ్చరిస్తే కంగారుపడి బటన్ నొక్కేయకండి. కొత్త బ్యాలెట్ అడిగే హక్కు మీకుంది. నవంబర్‌లో ఈ ర్యాంకులుండవు, ఒకే గుండ్రం నింపాలి.

ఫలితం ఆ రాత్రే తేలకపోవచ్చు. 2021 జూన్‌లో ఎన్నికల బోర్డు దాదాపు 1,35,000 టెస్టు బ్యాలెట్లను పొరపాటున అసలు ఓట్లతో కలిపి ప్రకటించి, వెంటనే వెనక్కి తీసుకుంది. ఆ ఏడాది కంప్ట్రోలర్ ప్రైమరీలో బ్రాడ్ లాండర్ గెలుపు ర్యాంకులన్నీ లెక్కపెట్టాకే తేలింది. మొదటి రోజు అంకెలు చూసి మోసం జరిగిందని ఫార్వర్డ్‌లు పంపకండి.

పౌరసత్వం తీసుకున్న అమ్మానాన్నలకు ఇంగ్లీషు కష్టమైతే, తెలుగు బ్యాలెట్ లేదని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. చదవడానికి సాయం కావాలని చెప్పి, తమకు నచ్చిన మనిషిని లోపలికి తీసుకెళ్ళొచ్చు. పనిచేసే చోటి యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. మీరు వెంట వెళ్తే చదివి చెప్పండి. ఎవరికి వేయాలన్నది వాళ్ళ ఇష్టం, గుండ్రం వాళ్ళు చెప్పినచోటే నింపండి.

ముందస్తు ఓటింగ్ తొమ్మిది రోజులుంటుంది, దాని కేంద్రం, ఎన్నికరోజు కేంద్రం వేర్వేరు కావచ్చు. ఎన్నికరోజున ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది. పోస్టులో బ్యాలెట్ తెప్పించుకున్నవాళ్ళు మనసు మార్చుకుని కేంద్రానికి వెళ్తే మిషన్ మీద వేయనివ్వరు, అఫిడవిట్ బ్యాలెట్ (సంతకం చేసిన కవరులో పెట్టి ఇచ్చేది, అర్హత చూశాకే లెక్కపెడతారు) ఇస్తారు. జాబితాలో పేరు కనిపించకపోయినా వెనక్కి తిరిగి రాకండి, అప్పుడూ అఫిడవిట్ బ్యాలెటే అడగండి. దాని కవరు మీద అడ్రసు, సంతకం సరిగ్గా లేకపోతే ఓటు పక్కన పడేస్తారు, అందుకని కవరు అతికించే ముందు రెండూ మరోసారి చూసుకోండి.