డైలాగ్ వినపడటం లేదా? రిసీవర్‌తో వచ్చిన మైకు బయటికి తీయండి

డైలాగ్ వినపడక వాల్యూమ్ పెంచడం, ఫైట్ రాగానే రిమోట్ వెతుక్కుని తగ్గించడం. ఒంగోలు, నెల్లూరు వైపు హోమ్ థియేటర్ పెట్టుకున్న చాలా ఇళ్లలో ఇదే తంతు. తక్కువ ధర రిసీవర్ (స్పీకర్లన్నింటినీ నడిపే పెట్టె) కదా, ఇంతేలే అని సరిపెట్టుకుంటారు. నిజానికి తప్పు చాలావరకు గదిది. దాన్ని కొంత అదుపులో పెట్టే సాధనం మీ అట్టపెట్టెలోనే ఉంది. అది రిసీవర్‌తో పాటు వచ్చిన చిన్న మైకు. కవరు కూడా విప్పకుండా దాన్ని అటక మీద పడేసినవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఈ సదుపాయాన్ని రూమ్ కరెక్షన్ అంటారు. డెనన్, మరాంట్జ్‌లలో దీని పేరు ఆడిసీ, యమహాలో వైపావో, పయనీర్‌లో ఎంకాక్, ఆంకియోలో ఆక్యూఈక్యూ, సోనీలో డీసీఏసీ. పేరేదైనా చేసే పని ఒకటే. రిసీవర్ ఒక్కో స్పీకర్ నుంచి పరీక్ష శబ్దం వదులుతుంది, మైకుతో వింటుంది. ఆ స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా వినిపిస్తోంది, ఏ శబ్దం పెరిగింది, ఏది తగ్గింది అని లెక్క కట్టి సరిచేస్తుంది. చవక మోడళ్లలో కొన్ని సబ్ వూఫర్ (లోతైన బాస్ శబ్దాలు పలికే స్పీకర్) జోలికి పోకుండా మిగతా స్పీకర్లనే సరిచేస్తాయి. అందుకే బటన్ నొక్కే ముందు మనం చేయాల్సిన పనే ఎక్కువ.

ముందు గదిని చూసుకోండి

ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. దాన్ని మీటర్లలో గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ బాస్ శబ్దాన్ని పట్టుకుని ఊగుతుందో తెలుస్తుంది. 12 అడుగుల పొడవుకు అది 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర, 10 అడుగుల వెడల్పుకు 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. మన ఇళ్లలో శ్లాబు ఎత్తు కూడా చాలాచోట్ల పది అడుగులే. అంటే వెడల్పూ ఎత్తూ రెండూ కలిసి 56 దగ్గరే మోగుతాయి. డప్పు కొట్టినప్పుడు ఒక్క దెబ్బ పడాల్సింది ‘దుమ్మ్మ్’ అని సాగుతుందంటే కారణం ఇదే.

ఇలా పెరిగిన శబ్దాన్ని రిసీవర్ తగ్గించగలదు. పూడ్చలేనిది గుంట, అంటే శబ్దం పడిపోయిన చోటు. గదికి సరిగ్గా నడిమధ్యన కూర్చుంటే ఆ 47 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. దాన్ని పెంచబోతే ప్రతి 3 డెసిబెల్స్‌కూ యాంప్లిఫయర్ పవర్ రెట్టింపు కావాలి, 9 పెంచాలంటే ఎనిమిది రెట్లు. అయినా గుంట గుంటగానే ఉంటుంది. అదే సోఫాను వెనక గోడకు ఆనిస్తే బాస్ మరీ బరువెక్కుతుంది. రెండూ వద్దు. గోడకు రెండు మూడు అడుగులు ముందుకు లాగి కూర్చోండి. పైసా ఖర్చు లేదు, తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఇంకోటి నేల. చీమకుర్తి పక్కనే ఉండగా గ్రానైట్ వేయించుకోకుండా ఎవరుంటారు? అయితే నునుపు రాయి మీద పడిన శబ్దంలో నూటికి ఒకటో రెండో వంతులు మాత్రమే ఇంకుతుంది, మిగతాదంతా తిరిగొస్తుంది. ఎదురు గోడ కూడా ఖాళీగా ఉంటే మాట మీద మాట పడి డైలాగ్ గింగురుమంటుంది. చప్పట్లు కొట్టి చూడండి, ‘ట్రింగ్’ అని తోక వినిపిస్తే మీ గది అలాంటిదే. దీన్ని ఏ రూమ్ కరెక్షనూ పూర్తిగా తీసేయలేదు, ఎందుకంటే అది శబ్దం ఆలస్యంగా తిరిగి రావడం వల్ల వచ్చే ఇబ్బంది. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి తివాచీ పరవండి. పల్చటి జంపఖానా అయితే రెండు మడతలు వేయండి. కిటికీలకు బరువైన కర్టెన్లు కట్టండి. కొలత తీసేముందే ఇవన్నీ ఉండాలి.

సబ్ వూఫర్‌కు చోటు

అందరూ దాన్ని మూలకు నెట్టేస్తారు. మూలలో శబ్దం గట్టిగా వస్తుంది కానీ ఊగడం కూడా అక్కడే ఎక్కువ. సరైన చోటు కనుక్కోవడానికి పాత పద్ధతి ఒకటుంది. సబ్ వూఫర్‌ను మీరు కూర్చునే సోఫా మీదే పెట్టండి. బాస్ గిటార్ నిదానంగా పైకీ కిందికీ నడిచే పాట ఏదైనా పెట్టి, మీరు వంగి, తల నేలకు దగ్గరగా ఉంచి, గోడల వెంబడి నెమ్మదిగా కదలండి. ఒకచోట గుబగుబలాడుతుంది, రెండడుగుల అవతల ఏమీ ఉండదు. ఎక్కడైతే అన్ని స్వరాలూ ఒకే బలంతో విడివిడిగా వినిపిస్తాయో అక్కడ సబ్ వూఫర్ పెట్టండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. పదిహేను నిమిషాల ఈ పని ఎంత ఖరీదైన రిసీవర్‌కూ తక్కువది కాదు.

తర్వాత దాని వెనక నాబ్‌లు చూసుకోండి. వాల్యూమ్ సగానికి, క్రాసోవర్ నాబ్ (ఏ శబ్దం దాకా సబ్ వూఫర్ పలకాలో చెప్పేది) పెద్ద అంకె వైపు చివరిదాకా తిప్పండి. ఆటో స్టాండ్‌బై ఆఫ్ చేయండి. లేదంటే కొలత మధ్యలో అది నిద్రపోయి, సబ్ వూఫర్ లేదని రిసీవర్ అనుకునే ప్రమాదం ఉంది.

కొలత

నిశ్శబ్దం కావాలి. మే నెల నెల్లూరులో ఫ్యాన్, ఏసీ ఆపి కూర్చోమంటే కష్టమే, అందుకే తెల్లవారుజామున ఐదింటికి పెట్టుకోండి. హైవే మీద లారీల మోత, పక్కింటి మోటారు, ఇన్వర్టర్ గుయ్‌మనడం, వంటింట్లో ఫ్రిజ్, ఇవన్నీ మైకు చెవిలో పడతాయి. కరెంటు కోత టైము కూడా చూసుకోండి, మధ్యలో పోతే మళ్లీ మొదటినుంచీ చేయాలి.

మైకును సోఫా దిండు మీద పెట్టకండి, చేత్తో పట్టుకోకండి. దిండు శబ్దాన్ని మింగుతుంది, చెయ్యి కదులుతుంది. కెమెరా ట్రైపాడ్ సోఫా మీదికి ఎక్కించి, మీ చెవి ఎత్తుకు సరిచేసి, మైకు కొనను పైకప్పు వైపు ఉంచండి. ఇంకో మోడల్ మైకు తెచ్చి వాడొద్దు, ఒక్కో మైకుకూ లెక్క వేరు. మీరు స్పీకర్లకు అడ్డం రాకుండా ఓ పక్కకు తప్పుకోండి, గది బయటికి పోతే ఇంకా మేలు.

మొదటి కొలత మీరు మామూలుగా కూర్చునే చోటే తీయాలి. దూరాలు, లెవెళ్లు దాన్నిబట్టే నిర్ణయమవుతాయి. యమహా చవక మోడళ్లలో కొలత ఒక్కచోటే, అక్కడితో పని అయిపోతుంది. మామూలు ఆడిసీలో ఆరు చోట్ల దాకా తీయొచ్చు. ఆ మిగతావి గదంతా తిప్పి తీయకండి. మొదటి చోటుకు అటూ ఇటూ, ముందుకు, ఒకటి రెండు అడుగుల లోపలే చాలు.

స్పీకర్ ఫేజ్ తప్పు అని మెసేజ్ వస్తే కంగారు పడొద్దు. ఎరుపు నలుపు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. సరిగ్గానే ఉంటే దాటేసి ముందుకు పోండి, కొన్ని స్పీకర్లకు అలా చూపించడం మామూలే.

ఫలితాన్ని గుడ్డిగా ఒప్పుకోకండి

సబ్ వూఫర్ ఎనిమిది అడుగుల్లో ఉంటే రిసీవర్ పద్నాలుగు అని చూపించొచ్చు. అది తప్పు కాదు. సబ్ వూఫర్ లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని రిసీవర్ దూరంగా లెక్కేస్తుంది. టేపు పెట్టి కొలిచి మార్చకండి.

స్పీకర్ సైజు మాత్రం మార్చాల్సి రావచ్చు. ఐదంగుళాల స్పీకర్లను కూడా రిసీవర్ కొన్నిసార్లు లార్జ్ (బాస్ అంతా తానే పలకగలది) అని రాసేస్తుంది. అన్నింటినీ స్మాల్ (కింది బాస్‌ను సబ్ వూఫర్‌కు వదిలేది) చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టండి. రిసీవరే 120 లేదా 150 అని ఇచ్చి ఉంటే దాన్ని తగ్గించొద్దు, ఆ చిన్న స్పీకర్లకు అంతకన్నా కిందికి దిగే శక్తి లేదని అర్థం. సబ్ వూఫర్ లెవెల్ మైనస్ 12 లాంటి చివరి అంకెకు పోయి ఆగితే, సబ్ వూఫర్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి.

ఒంగోలులో మా బావ వాళ్ల హాలులో ఇదంతా చేశాక ఆయన అడిగిన మొదటి మాట: “ఏంది బామ్మర్దీ, బాస్ చచ్చిపోయింది?” చాలామంది ఇక్కడే కరెక్షన్ ఆఫ్ చేసి పాత పద్ధతికి పోతారు. “రెండు రోజులు అట్నే ఉండనీ బావా, తర్వాత చెప్పు” అన్నాను. అప్పటిదాకా ఆయన బాస్ అనుకున్నది గోడలు ఊగే శబ్దం. తర్వాత సబ్ వూఫర్ రెండు డెసిబెల్స్ పెంచుకుని సరిపెట్టుకున్నారు. అది పెంచుకోవడంలో తప్పేమీ లేదు, రుచి ఎవరిది వారిది. కొలత అయ్యాక పెంచాలి, అంతే.

ఫ్యాన్ వేసుకుని చూసే ఇళ్లలో సెంటర్ స్పీకర్‌ను కూడా ఒకటి రెండు డెసిబెల్స్ పెంచండి. డైలాగ్‌లో ఎక్కువ భాగం దాంట్లోనుంచే వస్తుంది. కొలత ఫ్యాన్ ఆపి తీశాం, వినేది ఫ్యాన్ హోరులో కదా.

ఆడిసీ ఉన్న రిసీవర్‌లో డైనమిక్ ఈక్యూ అనేది తక్కువ వాల్యూమ్‌లో బాస్ పలచబడకుండా కాపాడుతుంది. సినిమాకు దాన్ని ఆన్‌లో ఉంచి, టీవీ ఛానెళ్లకు రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ (డైనమిక్ ఈక్యూ జోరు తగ్గించే సెట్టింగ్) 10 పెట్టండి. లేదంటే వార్తలు చదివే గొంతు కూడా గుబగుబలాడుతుంది. పిల్లలు పడుకున్నాక చూడాలంటే డైనమిక్ వాల్యూమ్ ఉంది, ఫైట్ల మోత తగ్గించి మాటలను పైకి తెస్తుంది. మిగతా వేళల్లో అది ఆఫ్‌లోనే ఉండాలి, సినిమాలో జీవం పోతుంది.

సోఫా జరిపినా, కొత్త బీరువా వచ్చినా, తివాచీ తీసేసినా మళ్లీ కొలవండి. మైకును పారేయకుండా రిసీవర్ దగ్గరే సొరుగులో ఉంచండి. దూరాలు, లెవెళ్లు, క్రాసోవర్ చూపించే స్క్రీన్లను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. రిసీవర్‌ను ఎప్పుడైనా రీసెట్ చేయాల్సి వస్తే, మళ్లీ కొలిచాక కొత్త అంకెలను వాటితో పోల్చి చూడొచ్చు. ఎక్కడైనా పెద్ద తేడా కనిపిస్తే ముందు ఆ స్పీకర్ వైరు చూడండి.