సొంత బట్టీ లేకుండా మట్టి బొమ్మలు కాల్పించుకోవడం ఎలా? (బెంగళూరు వాళ్ల కోసం)

వర్క్‌షాప్‌లో నేర్చుకున్నాక ఇంట్లో కూర్చుని నాలుగు గిన్నెలు, ఓ ఏనుగు చేసేస్తాం. ఆరాక వాటిని ఎక్కడ కాల్చాలో తెలియక బాల్కనీలో పెట్టి చూస్తూ ఉంటాం. ఎలక్ట్రిక్ కిల్న్, అంటే కరెంటు బట్టీ, కొనాలంటే డబ్బూ కావాలి, చోటూ కావాలి, కరెంటు లోడూ సరిపోవాలి. అపార్ట్‌మెంట్‌లో అది అయ్యే పని కాదు. వంటింటి ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మట్టి గట్టిపడి, నీళ్లు పోసినా మళ్లీ కరగకుండా ఉండాలంటే కనీసం 600 డిగ్రీలు దాటాలి. మామూలుగా మొదటి కాల్పు, అంటే బిస్క్, 1000 డిగ్రీల చుట్టుపక్కల జరుగుతుంది. కాబట్టి వేరేవాళ్ల బట్టీలో చోటు అడగాల్సిందే.

ముందు బట్టీ, తర్వాత బొమ్మ

చాలామంది బొమ్మ చేశాక బట్టీ వెతుకుతారు. నన్నడిగితే అది తలకిందుల పని. ఏ బట్టీలో కాలుస్తారో తెలిస్తేనే ఏ మట్టి కొనాలో తెలుస్తుంది. ఎర్ర మట్టి, అంటే టెర్రకోట, 1000 డిగ్రీల దగ్గర బాగుంటుంది. దాన్నే స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టి కోసం 1200 దాటించే కాల్పులో పెడితే ఉబ్బి, వంగి, కరిగి కింది పలకకు అతుక్కుపోతుంది. మీ గిన్నెతో పాటు పక్కవాళ్ల గిన్నె, స్టూడియో వాళ్ల పలకా పాడవుతాయి. అందుకే ఏ మట్టో తెలియని బొమ్మను ఎవరూ లోపల పెట్టరు. వాళ్ల భయంలో న్యాయం ఉంది. ఎయిర్ డ్రై క్లే (గాలికే గట్టిపడేది), పాలిమర్ క్లే (ప్లాస్టిక్ రకం) లతో చేసినవైతే అసలు తీసుకెళ్లకండి.

బెంగళూరులో రెండు దారులున్నాయి. ఒకటి, ఇందిరానగర్, కోరమంగళ, వైట్‌ఫీల్డ్ లాంటి చోట్ల ఉండే పాటరీ స్టూడియోలు. మ్యాప్‌లో వెతికి ఫోన్ చేసి, ‘బయట చేసిన పీసులకు కిల్న్ ఫైరింగ్ చేస్తారా?’ అని సూటిగా అడగండి. కొందరు తమ విద్యార్థులవే కాలుస్తారు, కొందరు తమ దగ్గర కొన్న మట్టి అయితేనే ఒప్పుకుంటారు. అలాగైతే అక్కడే కొనేయండి, గొడవ ఉండదు. ఎన్ని డిగ్రీలకు కాలుస్తారు, ఛార్జీ బరువు లెక్కనా, సైజు లెక్కనా, షెల్ఫ్ (బట్టీ లోపలి పలక) లెక్కనా, పగిలితే ఎవరి బాధ్యత, ఇవన్నీ ఆ ఫోన్‌లోనే తేల్చుకోండి. బట్టీ నిండితే తప్ప వెలిగించరు. కాలడానికి, చల్లారడానికి కలిపి ఒకటి రెండు రోజులు పడుతుంది. మీ వంతు వచ్చేసరికి వారాలు గడిచినా కంగారు పడొద్దు.

రెండోది కంటోన్మెంట్ వైపున్న పాటరీ టౌన్. తరతరాలుగా కుమ్మరి కుటుంబాలున్న పేట అది. అక్కడ తమిళం, కన్నడ ఎక్కువగా వినిపిస్తాయి. వచ్చీరాని కన్నడలో ‘సుట్టు కొడ్తీరా అణ్ణా?’ (కాల్చి ఇస్తారా అన్నా?) అన్నా పని జరుగుతుంది. ఎర్ర మట్టి ప్రమిదలు, చిన్న కుండీలు, బొమ్మలు ఉంటే నేనైతే ముందు అక్కడే అడుగుతాను. కట్టెల బట్టీలో కాలితే పొగ తగిలిన చోట నల్ల మచ్చలు పడతాయి. అవి ఇష్టం లేనివాళ్లు స్టూడియోకే వెళ్లాలి. దీపావళి ముందు మాత్రం వాళ్లను ఇబ్బంది పెట్టకండి, ప్రమిదల పని ఊపిరాడనివ్వదు. అన్నట్టు, వినాయకుణ్ణి నిమజ్జనం చేసే ఉద్దేశం ఉంటే కాల్పించొద్దు. కాలిన మట్టి నీళ్లలో కరగదు.

చేసేటప్పుడు, ఆరబెట్టేటప్పుడు

గోడ మందం ఎక్కడా సెంటీమీటరు దాటకూడదు. ఏనుగు పొట్ట లాంటివి లోపల బోలుగా తవ్వి, కనిపించని చోట పుల్లతో చిన్న రంధ్రం పెట్టండి. చెవులు, తొండం అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, జారుడు మట్టి (నీళ్లు కలిపి పల్చగా చేసిన మట్టి) రాసి నొక్కండి. ఊరికే అంటిస్తే ఆరేటప్పుడే ఊడిపోతాయి. ఆరి, కాలేసరికి మొత్తం మీద సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది, కొలతలు ఆ లెక్కన పెద్దవిగా తీసుకోండి.

బట్టీలో బొమ్మ పేలడానికి గాలి బుడగలే కారణమంటారు. అసలు దోషి తడి. 100 డిగ్రీలు దాటగానే మట్టిలో మిగిలిన నీరు ఆవిరై, బయటికి దారి లేక బద్దలు కొడుతుంది. అందుకని మొదటి రెండు మూడు రోజులు పల్చటి ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి, నీడలో నెమ్మదిగా ఆరనివ్వండి, అప్పుడప్పుడు తిరగేయండి. తర్వాత కవర్ తీసేయండి. గిన్నె అడుగును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో వారం చాలదు, ఇంకో వారం ఆగండి.

తీసుకెళ్లడం

ఆరినా ఇంకా కాలని బొమ్మ బిస్కెట్టంత పెళుసు. చెవి, హ్యాండిల్ పట్టుకుని ఎత్తొద్దు, రెండు చేతులూ అడుగున పెట్టండి. పాత కాటన్ చీర ముక్కల మధ్య అట్టపెట్టెలో సర్ది, పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఆటోలోనో క్యాబ్‌లోనో వెళ్లండి. ట్రాఫిక్‌తో నిండే సిల్క్ బోర్డ్ దారిలో బైక్ మీద తీసుకెళ్లే సాహసం వద్దు. ప్రతి బొమ్మ అడుగున మట్టి తడిగా ఉన్నప్పుడే మీ పేరులో మొదటి అక్షరం గీసుకోండి. పెట్టెలో మట్టి పేరు, ఎన్ని డిగ్రీలు, మొదటి కాల్పా, గ్లేజ్ (గాజులా మెరిసే పూత) వేశాక చేసే రెండో కాల్పా అన్నది చీటీ రాసి పెట్టండి, ఫోటో కూడా తీసుకోండి.

కాలి వచ్చాక

తీసుకునేటప్పుడు వేలితో తట్టి చూడండి. ఖంగుమంటే మంచిదే, మొద్దుగా మోగితే ఎక్కడో బీట ఉంది. దానికి గ్లేజ్ ఖర్చు దండగ. గ్లేజ్ వేయాలంటే తడి స్పాంజితో దుమ్ము తుడిచి, నూనె చేతులతో ముట్టుకోకుండా పూయండి. అడుగున, అడుగు అంచు నుంచి పైకి 3 మిల్లీమీటర్ల దాకా గ్లేజ్ లేకుండా శుభ్రంగా తుడిచేయాలి. లేకపోతే షెల్ఫ్‌కు అతుక్కుని, దాని ఖర్చు మీ మీద పడుతుంది. అన్నం పెట్టుకునే గిన్నెలకైతే సీసం లేని, తిండికి పనికొచ్చే గ్లేజే వాడారా అని అడిగి తెలుసుకోండి.

గ్లేజ్ వేయని ఎర్ర మట్టి నీళ్లనూ నూనెనూ పీలుస్తుంది, పూలకుండీగా బాగుంటుంది కానీ కాఫీ కప్పుగా పనికిరాదు. ప్రమిదలైతే వెలిగించే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి, తుడిచి, కాస్త ఆరాక నూనె పోయండి.