చెరువు గట్టున గాలాల లెక్క: పడిన చేపల సర్వే ఎలా చేయాలి?

ఆదివారం ఉదయం ఊరి చెరువు గట్టున గాలాలు వేసుకుని కూర్చున్నవారు కొందరైనా కనిపిస్తారు. వలకు చిక్కిన చేప ఏదో ఒక కాటా ఎక్కుతుంది. గాలానికి పడిన చేప మాత్రం సంచిలో దూరి నేరుగా ఇంటికి, అక్కడి నుంచి పులుసులోకి వెళ్లిపోతుంది. దాని లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఒక నోటుపుస్తకం, ఒక టేపు, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు ఉంటే ఆ లెక్క తీయవచ్చు.

ముందుగా అనుమతి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకార సహకార సంఘానిది. వారికి చెప్పకుండా పుస్తకం పట్టుకుని గట్టెక్కితే, జరిమానా రాయడానికి ఎవరో వచ్చారనుకుని అందరూ గాలాలు చుట్టేస్తారు. పేర్లు, ఫోను నంబర్లు అడగబోమని కూడా ముందే చెప్పండి. సర్వేకు అవి అక్కరలేదు.

తరువాత ఎక్కడ నిలబడాలో తేల్చుకోండి. గట్టు వెంట తిరుగుతూ అడగడం సులువే కానీ అందులో ఒక చిక్కుంది. అరగంటలో విసుగెత్తి లేచిపోయినవారు మీకు కనిపించరు. పొద్దస్తమానం కదలకుండా కూర్చునే మొండివారే ఎక్కువగా తగులుతారు. పైగా వారి వేట ఇంకా ముగియలేదు. అందుకే గట్టు దిగే దారి దగ్గర నిలబడి, ఇంటికి వెళ్తున్నవారిని అడగడం మేలు. రోజులను చీటీలు తీసి ఎంచుకోండి. మీకు తీరికైన రోజులే వెళ్తే అది మీ తీరిక లెక్క అవుతుంది. ఆదివారాలు, మామూలు రోజులు వేరువేరుగా ఉండాలి.

ఇక ప్రశ్నలు. ఎప్పుడు గాలం వేశారు, ఎప్పుడు తీశారు, ఎన్ని గాలాలు, ఏ ఎర (వానపాములా, పిండి ముద్దా, రొయ్యలా)? ఆ తరువాతే చేపల సంగతి. అమెరికా తీరంలో సరదా వేటను లెక్కించే ప్రభుత్వ సర్వేలో పట్టుబడిని మూడు గళ్లలో రాస్తారు: సర్వే చేసేవారు కళ్లతో చూసినవి, చంపినా వారికి కనబడనివి (కోసేసినవి, ఎరగా వాడేసినవి), ప్రాణంతో నీటిలోకి వదిలేసినవి. ఈ మూడు గళ్లూ మన చెరువుకూ అతుకుతాయి. మూడో గడిని వదిలేస్తే చిన్న చేపలు చెరువులో లేనట్టే కనబడతాయి. ఖాళీ సంచితో వెళ్తున్నవారిని అసలు వదలకండి. ‘ఏమీ పడలేదండీ, నాతో ఏం పని’ అంటారు. ఆ సున్నాయే మీకు కావాలి.

పోయిన నెలలో ఎన్నిసార్లు వచ్చారని అడగాలనిపిస్తే జాగ్రత్త. ఆ అమెరికా సర్వేలోనే, ఉత్తరాల ద్వారా ఇంటింటికీ పంపే ప్రశ్నాపత్రంలో మొదట గడిచిన రెండు నెలల సంగతి, తరువాత గడిచిన పన్నెండు నెలల సంగతి అడిగేవారు. ఆ ప్రశ్నల వరుసను తిరగేసి చూస్తే వేటకు వెళ్లిన సంఖ్య 30 నుంచి 40 శాతం తక్కువగా వచ్చిందని 2023లో అధికారులే ప్రకటించారు. జనం అబద్ధం చెప్పారని కాదు. ఎప్పటిదో ఒక మంచి రోజు నిన్నమొన్నటిదిగా గుర్తుంటుంది. ఈ రోజు సంగతే అడగడం ఉత్తమం.

అసలు తలనొప్పి చేపల పేర్లతో. రోహును ఒకరు శీలావతి అంటారు, మరొకరు రవ్వ అంటారు. కట్ల బొచ్చె అవుతుంది, కామన్ కార్ప్ బంగారు తీగ అవుతుంది. వారు చెప్పిన పేరును చెప్పినట్టే రాసి, పక్కన చేపను చూసి మీరు గుర్తించింది రాయండి. కట్లకు తల పెద్దది, కింది దవడ పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు. రోహు పెదవి అంచు కుచ్చులా ఉంటుంది. బంగారు తీగకు రెండు జతల మీసాలు, పొడవాటి వీపు రెక్క. జిలేబీ (తిలాపియా) వీపు రెక్క ముళ్లతో చేతికే తెలుస్తుంది. కొర్రమీను పిల్లనూ మట్టగిడసనూ ఒకే గడిలో పడేయడం అందరూ చేసే పొరపాటు. అనుమానముంటే ఫొటో తీసుకోండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, కట్ల, రోహు, మ్రిగాల సాధారణంగా నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. అవి గాలానికి పడుతున్నాయంటే చెరువులో చేపపిల్లలను వదిలిన ఫలితం దక్కుతోందనో, వరదకు కొట్టుకొచ్చాయనో అర్థం. కొర్రమీను, పరిగలు, జిలేబీ చెరువులోనే పెరిగి, చెరువులోనే గుడ్లు పెడతాయి. రూప్‌చంద్ కనబడితే ఏదో పెంపకం చెరువు గట్టు తెగి ఉండవచ్చు. ఒంటి నిండా గట్టి పలకలతో, కింది వైపు పీల్చే నోటితో ఉండే దెయ్యం చేప తగిలితే ఫొటోతో సహా మత్స్యశాఖకు చెప్పండి. అది ఇళ్లలోని అక్వేరియంల నుంచి బయటపడిన పరాయి జాతి.

కొలత మూతి కొస నుంచి తోక చివరి వరకు. తోక చీలి ఉన్న చేపలకు చీలిక మధ్య వరకు కొలిచే పద్ధతీ ఉంది. ఏదైనా ఒక్కటే పాటించండి. ‘జానెడు’, ‘మోచేతి పొడవు’ అని చెప్పినవి అంచనాల గడిలోకి.

లెక్క కట్టేటప్పుడు అందరి చేపలూ కలిపి, అందరి గంటలూ కలిపి భాగించండి. ఉదాహరణకు ఎనిమిది మంది, 24 గంటలు, 18 చేపలు: గంటకు 0.75. ఒక్కొక్కరి సగటు తీసి వాటికి మళ్లీ సగటు కడితే, పది నిమిషాల్లో రెండు జిలేబీలు లాగి వెళ్లిన కుర్రవాడు గంటకు 12 చేపలవాడై అంకెను చెడగొడతాడు. జాతులవారీగా కూడా ఇలాగే. చెరువు మొత్తానికి అంచనా కావాలంటే గట్టు మీద ఉన్న మనుషులను గంటకోసారి ఇద్దరిలో ఒకరు లెక్కపెడుతూ ఉండాలి. రెండో మనిషి అవసరం అందుకే.

వానలు పడి చెరువు నిండాక అదే చోట, అవే గంటల్లో, అవే గళ్లతో మళ్లీ చేయండి. పాత పుస్తకం అప్పుడు వెంట తీసుకెళ్లకండి. పాత అంకె చూశాక కొత్త అంకెను దానికి దగ్గరగా రాయాలని చేయి లాగుతుంది.