పాత క్యాంపర్ బండి హీటెక్కుతోందా? ముల్లు ఎక్కడ లేస్తోందో ముందు చూడండి

మాది ఒకప్పటి మినీబస్సు. సీట్లు పీకించి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నాం. బరువు పెరిగింది కానీ ఇంజినూ రేడియేటరూ పాతవే. ఒక మే నెలలో శ్రీశైలం పోతూ, లింగాలగట్టు దాటి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ వేడి చూపించే మీటరు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. అప్పటికే ఫ్యాన్ బెల్టు మార్పించాను, వాటర్ పంపు మార్పించాను. డబ్బులు పోయాయి, జబ్బు మాత్రం పోలేదు. తిరిగొచ్చాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ బానెట్ కూడా ఎత్తకుండా అడిగిన మొదటి మాట: "సిగ్నల్ కాడ హీటెక్కుతుందా, ఎక్కుడు మీదనా బిడ్డా?" సగం రోగం ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఒక జాగ్రత్త. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. లోపల ఒత్తిడి మీదున్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. ముప్పావుగంట ఆగి, పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా ఉన్నప్పుడే మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాలిపోతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోయకండి, హెడ్డు పగులుతుంది.

సిగ్నల్ దగ్గర హీటెక్కి, బండి కదలగానే దిగిపోతే

మెహదీపట్నం నుంచి టోలిచౌకి దాకా పాకుతున్నప్పుడు ముల్లు లేచి, ఔటర్ ఎక్కగానే దిగిందా? రేడియేటర్ బాగానే ఉంది, గాలి చాలడం లేదు. బండి నిలబడితే గాలి లాగాల్సింది ఫ్యానే. ఇంజిన్ ఆపి బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి. సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోతే సరే, ఇంకా ఎక్కువ పోతే బిగించాలి. అంచులు పగిలి ఉంటే మార్చేయాలి. విస్కస్ క్లచ్ (వేడెక్కినప్పుడు ఫ్యానును గట్టిగా పట్టి తిప్పే భాగం) ఉన్న ఫ్యాను అయితే, వేడెక్కిన ఇంజిన్ ఆపేసి చేత్తో ఒకసారి తిప్పండి. బరువుగా ఆగాలి. గాలిపటం చరఖాలా గిరగిరా తిరుగుతోందంటే క్లచ్ పోయినట్టే. కరెంటు ఫ్యాను అయితే ముందు ఫ్యూజు, రిలే చూడండి. వాటిని ఎప్పుడూ చివర్లో చూస్తాం కానీ చాలాసార్లు తప్పు వాటిదే.

ఎక్కుడు మీద, లేదా హైవే మీద ఎనభై దాటితే హీటెక్కితే

ఇది నా కేసు. గాలి పుష్కలంగా ఉన్నా వేడి దిగడం లేదంటే నీళ్లు సరిగ్గా తిరగడం లేదు, లేదా రేడియేటర్ జాలి మూసుకుపోయింది. మేస్త్రీ ఇంజిన్ వేడెక్కాక ఆపేసి, నా అరచేతిని రేడియేటర్ దగ్గరికి తెచ్చి మెల్లగా కిందికి జరిపించాడు. పైన సెగ కొడుతోంది. కింద ఎడమ మూల జానెడు మేర చల్లగా ఉంది. "ఇక్కడ నీళ్లు పోతలేవు" అన్నాడు. పై ట్యాంకు విప్పితే సన్నటి గొట్టాల నోళ్లలో తెల్లటి, చిలుము రంగు పెంకు కట్టి ఉంది. ఎన్నో ఏళ్లుగా ఎవరెవరో పోసిన బోరు నీళ్ల ఫలితం అది. మన గ్రానైటు నేలలో బోరు నీళ్లు గట్టివి. బకెట్ అంచున కట్టే తెల్లచార అక్కడా కడుతుంది.

రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకు విప్పి, గొట్టాల్లో పలుచటి ఇనుప బద్దలు దూర్చి శుభ్రం చేసి మళ్లీ అతికిస్తారు. ప్లాస్టిక్ ట్యాంకులున్న అల్యూమినియం రేడియేటర్ అయితే మార్చడమే మేలు. ఇంకా ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో దుమ్ము, పురుగులు, ఎండుగడ్డి పేరుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు ధారతో కడగండి. సర్వీసింగ్ సెంటర్ ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి. కింది హోస్ పైపు కూడా చూడాలి. ఎక్సిలేటర్ తొక్కినప్పుడు అది లోపలికి అణిగిపోతుంటే మెత్తబడిపోయింది, మార్చాలి.

నీళ్లు తగ్గుతున్నాయి, కింద మాత్రం చుక్క లేదు

మొదట మూత. దాని రబ్బరు వాచర్ మీద గోరుతో గీసి చూడండి, ఎండి పగిలి ఉంటే కొత్తది వేయండి. ఇంత చిన్న సామాను మీద ఎంత ఆధారపడి ఉందో చూడండి: మన హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, వట్టి నీళ్లు ఇక్కడ 98 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి ఆపే మూత సరిగ్గా పట్టి ఉంటే అవే నీళ్లు సుమారు 118 దాకా మరగవు. పాత మూత మీద ఎంత అంకె రాసి ఉందో అంతదే కొనండి.

తర్వాత వాటర్ పంపు కింద చిన్న రంధ్రం. దాని చుట్టూ ఎండిన రంగు చార ఉంటే సీలు పోయింది. క్యాబిన్‌లో తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మంచు కనిపిస్తే హీటర్ లీకవుతోంది.

ముల్లు లేవనే లేవకపోతే

ఎవరో థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోకుండా ఆపేది) తీసేసి ఉండొచ్చు. "మన ఎండలకు అది అక్కర్లేదు" అనే మాట చాలా గ్యారేజీల్లో వింటాం, దయచేసి ఒప్పుకోకండి. చల్లటి ఇంజిన్ డీజిల్ ఎక్కువ తాగుతుంది, తొందరగా అరుగుతుంది. వాల్వు మీద 82 అని ఉంటే గిన్నెలో నీళ్లు కాచి థర్మామీటర్‌తో చూడండి, ఆ వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

కూలెంట్ రంగు మారితే

రేడియేటర్ నీళ్లలో కలిపే రంగు ద్రవమే కూలెంట్. అందులో బురద రంగు కనిపిస్తే మొత్తం దింపి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ పోయండి. మామూలు పచ్చ కూలెంట్‌ను రెండేళ్లకోసారి మార్చాలి. దింపినది మోరీలో వదలకండి. అది తియ్యగా ఉంటుంది, విషం, వీధికుక్కలు నాకుతాయి. డబ్బాలో పట్టి మూత బిగించి గ్యారేజీలో ఇవ్వండి.

డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలచాయ రంగులోకి మారినా, తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, స్టార్ట్ చేయగానే రేడియేటర్‌లో బుడగలు లేస్తున్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానించాలి. ఇంకో పది కిలోమీటర్లే కదా అని నడపకండి. తాళం తీసి జేబులో వేసుకుని, లాగే బండిని పిలవండి.