కుతుబ్‌షాహీ సమాధులను చూసే క్రమం: హయాత్ బక్షీ బేగం నుంచి మొదలుపెట్టండి

హైదరాబాదులో అందరూ సెవెన్ టూంబ్స్ అని పిలిచే కుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణం గోల్కొండ కోటకు ఉత్తరాన ఉంది. అక్కడికి వెళ్లినవారిలో చాలామంది గుమ్మటాలను చూసి మురిసిపోతారు గాని, ఏ గుమ్మటం కింద ఎవరున్నారో, ఒకరికొకరు ఏమవుతారో తెలియక పేర్లన్నీ కలగాపులగం చేసుకుంటారు. రాజుల జాబితాను వరుసగా వల్లె వేయడం కన్నా, ఒక రాజుకు కూతురు, మరొకరికి భార్య, ఇంకొకరికి తల్లి అయిన హయాత్ బక్షీ బేగం సమాధితో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం.

బయలుదేరే ముందు ఒక కాగితం మధ్యలో ఆమె పేరు రాయండి. పైన తండ్రి మహమ్మద్ కులీ కుతుబ్ షా పేరును, దాని పక్కన చార్మినార్ కట్టించిన 1591 సంవత్సరాన్ని వేయండి. ప్రక్కన భర్త మహమ్మద్ కుతుబ్ షా పేరు రాసి, ఈయన మామగారికి సోదరుని కుమారుడనీ, మక్కా మసీదు నిర్మాణం ఈయన కాలంలోనే మొదలైందనీ గుర్తు పెట్టుకోండి. కింద కుమారుడు అబ్దుల్లా. 1626లో చిన్న వయసులోనే గద్దెనెక్కిన ఈ కుమారుని వెనుక నిలబడి రాజ్య వ్యవహారాలు నడిపింది ఆమే. 1656లో ఔరంగజేబు సేన గోల్కొండను ముట్టడించినప్పుడు, సంధి మాట్లాడటానికి స్వయంగా అతని శిబిరానికి వెళ్లిన ధీశాలి కూడా ఆమే. 1667లో ఆమె మరణించింది. మన పాఠాల్లో ఆమెకు దక్కవలసినంత చోటు దక్కలేదనే బాధతోనే ఈ క్రమాన్ని సూచిస్తున్నాను.

ఆమె సమాధి, దాని చెంతనే ఉన్న మసీదు చూశాక తండ్రి సమాధికి వెళ్లండి. పైగదిలో కనిపించేది గుర్తుగా నిలిపిన రాయి మాత్రమేననీ, అసలు సమాధి కింది నేలమాళిగలో ఉందనీ మరవకండి.

తరువాత ఆమె తాత ఇబ్రహీం సమాధి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. దక్షిణపు గోడ మీద ఒకప్పటి రంగు పలకల ఆనవాళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి. వెలుతురు బాగా ఉన్నప్పుడు దగ్గరగా నిలబడి చూస్తేనే అవి కంటికి ఆనుతాయి. అన్న జంషీద్‌కు దూరంగా ఏడేళ్లు విజయనగరంలో తలదాచుకున్న ఇబ్రహీం, 1550లో రాజై, తెలుగు కవుల నోట ‘మల్కిభరాముడు’ అనే పేరు పొందాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగువారు ఈ గోడ ముందు నిలబడి ఆ సంగతి తలచుకోవాలి.

వంశస్థాపకుడు సుల్తాన్ కులీ సమాధినీ, ఎనిమిది పలకలుగా ఉన్న జంషీద్ సమాధినీ తిరుగు దారిలో చూడవచ్చు.

చివరి రాజు తానీషా కోసం మాత్రం ఇక్కడ వెతకకండి. అబ్దుల్లాకు అల్లుడైన ఆయన 1687లో గోల్కొండ పతనమయ్యాక దౌలతాబాదు కోటలో బందీగా బతికాడు. ఆయన సమాధి ఖుల్దాబాదులో ఉంది. హైదరాబాదు నగర నిర్మాణానికి రూపకల్పన చేసిన పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ సమాధి కూడా ఇక్కడ లేదు, పాతబస్తీలో ఆయన పేరిటే ఉన్న దాయిరాలో, అంటే శ్మశానవాటికలో ఉంది. దానికి మరో పూట కేటాయించుకోండి.